అకడమిక్ రచన – మూల లక్షణాలు, రకాలు: కడప, కర్నూలు ప్రాంత అధ్యయనాల ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు శాఖల్లో పరిశోధన ఎలా చేయాలన్న విషయం మీద జరిగినంత చర్చ, చేసిన పరిశోధనను ఎలా రాయాలన్న విషయం మీద జరగలేదు. అందువల్ల అకడమిక్ రచనను భాషా గాంభీర్యంతోనో, అధ్యాయాల క్రమంతోనో, పాదసూచికల సంఖ్యతోనో గుర్తించే అలవాటు ఏర్పడింది. ఇతరులు సరిచూడడానికి వీలైన ప్రతిపాదనే అకడమిక్ రచనకు ప్రాణమని ఈ వ్యాసం వాదిస్తుంది. వర్ణనాత్మక, విశ్లేషణాత్మక, వాదనాత్మక, విమర్శనాత్మక రచనలు వేరువేరు గదులు కావని, ఒకదానిపై ఒకటి నిలిచే మెట్లని, మన సిద్ధాంత వ్యాసాలు ఎక్కువగా మొదటి మెట్టు దగ్గరే ఆగుతున్నాయని చూపే ప్రయత్నం చేస్తుంది. ఉదాహరణలను కడప, కర్నూలు ప్రాంతాల్లో జరిగిన, ఆ ప్రాంతాలకు సంబంధించిన అధ్యయనాల నుంచి స్వీకరించడమైనది.

కీలక పదాలు: అకడమిక్ రచన, ఆధారం, ప్రతిపాదన, వర్ణన, విశ్లేషణ, వాదన, విమర్శ, రాయలసీమ, వేమన, సి.పి.బ్రౌన్.

1. ఉపోద్ఘాతం

ఎం.ఏ. పూర్తిచేసి పరిశోధనలో చేరిన విద్యార్థికి ఎదురయ్యే మొదటి కష్టం విషయ సేకరణ కాదు. పుస్తకాలు దొరుకుతాయి, రచయితలు మాట్లాడతారు, పాత పత్రికల ప్రతులు కూడా నేడు చాలావరకు అందుబాటులోకి వచ్చాయి. సేకరించినదాన్ని కాగితం మీద పెట్టడమే అసలు కష్టం. అప్పటివరకు పరీక్షల కోసం అతడు రాసిన వ్యాసాలు తెలిసిన విషయాన్ని తిరిగి చెప్పేవి. పరిశోధన వ్యాసం తెలియనిదాన్ని తేల్చి చెప్పాలి. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని ఎవరూ విడమరచి చెప్పకపోతే, విద్యార్థి తనకు తెలిసిన పద్ధతినే కొనసాగిస్తాడు. ఫలితంగా మూడువందల పుటల పరీక్ష సమాధానం తయారవుతుంది.

కడప, కర్నూలు ప్రాంతాల్లో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది. యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లో, రాయలసీమ విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. ఇంట్లో మొదటిసారిగా ఉన్నత విద్యకు వచ్చిన పిల్లలు వీటిలో పరిశోధకులుగా చేరుతున్నారు. వారు తెచ్చే అనుభవం, వారి ఊళ్ల భాష, వారికి తెలిసిన కథలు తెలుగు పరిశోధనకు కొత్త వనరులు. వాటిని ఇతరులు అంగీకరించవలసిన జ్ఞానంగా నిలబెట్టాలంటే రచనా పద్ధతి తెలియాలి. పద్ధతి తెలియకపోతే ఆ అనుభవం ముందుమాటలోని కృతజ్ఞతల దగ్గరే ఆగిపోతుంది.

2. అకడమిక్ రచన అంటే ఏమిటి?

ఒక కవిపై సంస్మరణ సంచికలో వచ్చే వ్యాసం ఆ కవి పట్ల గౌరవాన్ని తెలుపుతుంది. ఆదివారం అనుబంధంలోని సమీక్ష పుస్తకాన్ని పాఠకుడికి పరిచయం చేస్తుంది. సభలో చేసిన ఉపన్యాసం శ్రోతలను కదిలిస్తుంది. ఇవన్నీ అవసరమైన రచనలే. వీటిని చదివేవారు రచయిత మాటను అతనిమీది నమ్మకంతో స్వీకరిస్తారు. అకడమిక్ రచనలో ఆ నమ్మకానికి చోటు లేదు. రాసినవారు ఆచార్యులైనా, తొలి సంవత్సరం పరిశోధకులైనా, “ఇది మీకెలా తెలుసు?” అన్న ప్రశ్నకు సమాధానం వ్యాసంలోనే ఉండాలి. ఆ సమాధానం పట్టుకుని మరొకరు అదే దారిలో వెళ్లి, అదే ఫలితానికి చేరగలగాలి, లేదా అది తప్పని చూపగలగాలి.

కాబట్టి తప్పని నిరూపించడానికి వీలులేని వాక్యం ఎంత అందంగా ఉన్నా అకడమిక్ వాక్యం కాదు. “ఈ కవి కవిత్వం సమాజానికి దర్పణం” అన్న వాక్యాన్ని ఏ కవి గురించైనా రాయవచ్చు, ఎవరూ కాదనలేరు. అందుకే దానివల్ల కొత్తగా తెలిసేది ఏమీ లేదు.

3. మూల లక్షణాలు

3.1 ఆధార సేకరణ, పోలిక

1820లో కడపకు వచ్చిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తరువాతి కాలంలో వేమన పద్యాలపై చేసిన కృషి ఈ లక్షణానికి మంచి ఉదాహరణ. ఆయన ఒక ప్రతి దొరికిందని దాన్నే అచ్చువేయలేదు. పలుచోట్ల నుంచి రాతప్రతులు తెప్పించి, పండితులను, లేఖకులను నియమించి, ప్రతులను పోల్చి చూపించి, పాఠభేదాలను గుర్తించే పద్ధతిని అనుసరించాడు. 1829లో మద్రాసులో అచ్చయిన సంపుటిలో 693 పద్యాలు ఉంటే, 1839 నాటి ముద్రణలో వాటి సంఖ్య 1164కు పెరిగింది. పదేళ్ల తరువాత తన పుస్తకాన్నే తిరిగి పరిశీలించి విస్తరించడం ఇక్కడ గమనించవలసిన విషయం. పరిశోధన ఫలితం ఎప్పుడూ అప్పటికి లభించిన ఆధారాల మేరకే ఉంటుంది.

బ్రౌన్ నిర్ణయాలన్నీ సరైనవని దీని అర్థం కాదు. ఏ పద్యం వేమనది, ఏది ఇతరులు చేర్చినది అన్న ప్రశ్న ఇప్పటికీ తెగలేదు. అయితే ప్రతులు ఉన్నాయి, పాఠభేదాలు నమోదై ఉన్నాయి. కాబట్టి ఆయనతో విభేదించడానికి అవసరమైన సామగ్రిని ఆయనే మిగిల్చిపోయాడు. బ్రౌన్ లేఖలను, వేమన కృషికి సంబంధించిన పత్రాలను బంగోరె వెలుగులోకి తేగలిగింది కూడా ఆ సామగ్రి మిగిలి ఉండడం వల్లనే. జానమద్ది హనుమచ్ఛాస్త్రి కృషితో కడపలో బ్రౌన్ పేరిట వెలసిన గ్రంథాలయాన్ని పరిశోధకుడు స్మారక చిహ్నంగా మాత్రమే చూడకూడదు. ఒక పద్ధతికి గుర్తుగా చూడాలి.

3.2 ఆధారానికి, ఊహకు మధ్య గీత

తొలి తెలుగు శాసనంగా పేరుపొందిన కలమళ్ల శాసనం కడప జిల్లా ఎర్రగుంట్ల మండలంలోనిది. రేనాటిని పాలించిన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కాలానికి చెందినది. “క్రీ.శ. 575 నాటి కలమళ్ల శాసనం” అని మన సిద్ధాంత వ్యాసాల్లో తరచుగా కనిపిస్తుంది. అది చదివిన విద్యార్థి రాతిమీద ఆ సంవత్సరం చెక్కి ఉందనే అనుకుంటాడు. శాసనంలో సంవత్సరం లేదు, పైగా కొంత భాగం శిథిలమైంది. లిపి స్వరూపాన్ని, రేనాటి చోళుల వంశక్రమాన్ని బట్టి శాసన పరిశోధకులు ఆరో శతాబ్దపు చివరి పాదానికి చెందినదిగా నిర్ణయించారు. ఈ శాసనాల గురించి ఎపిగ్రాఫియా ఇండికా 27వ సంపుటంలో వివరంగా చర్చ జరిగింది.

575 అనడంలో తప్పు లేదు. దాన్ని రాతిమీది అక్షరంలా చూపడమే తప్పు. శాసనంలో ఉన్నది ఆధారం, పండితులు నిర్ణయించినది అనుమితి. ఈ రెండింటినీ వేరుచేసి చెప్పడానికి “లిపిని బట్టి సుమారు” అన్న మూడు మాటలు చాలు. ఆ మాటలు రాయడం వల్ల వ్యాసం బలహీనపడదు. ఎంతవరకు నమ్మవచ్చో పాఠకుడికి తెలియజేస్తుంది కాబట్టి బలపడుతుంది.

3.3 మూలానికి వెళ్లడం, ఆపాదన

1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన ప్రాంతాలకు దత్త మండలాలన్న పేరు ఉండేది. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభల్లో వీటికి ‘రాయలసీమ’ అన్న పేరు వచ్చింది. ఆ పేరును సూచించినవారు గాడిచర్ల హరిసర్వోత్తమరావు అని చాలాకాలంగా అనేక రచనల్లో కనిపిస్తుంది. చిలుకూరి నారాయణరావు అని మరికొన్ని రచనలు చెబుతాయి. పరిశోధక విద్యార్థి సాధారణంగా తన చేతికందిన పుస్తకంలోని పేరును తీసుకుని, ఆ పుస్తకాన్ని పాదసూచికలో చూపి, పని పూర్తయిందనుకుంటాడు. కానీ ఆ పుస్తకం 1928 నాటి సాక్ష్యం కాదు. అది ఎవరిని చూసి రాసింది? వారు ఎవరిని చూసి రాశారు? ఇలా వెనక్కి నడిచి, సభ జరిగిన కాలపు పత్రికల్లో, సభా నివేదికల్లో ఏముందో చూసినప్పుడే పాదసూచికకు విలువ వస్తుంది. పది పుస్తకాలు ఒకే మాట చెప్పినా అవన్నీ ఒకే పుస్తకాన్ని అనుసరించి ఉంటే మనకున్నది ఒక్క సాక్ష్యమే.

ఆపాదన నిజాయితీకి సంబంధించిన విషయమని మనం చెప్పుకుంటాం. అది నిజమే. అంతకుమించి, పాఠకుడు తిరిగి వెళ్లవలసిన దారికి అది గుర్తు. మధ్యవర్తి గ్రంథం నుంచి తీసుకుని మూలగ్రంథం చూసినట్టు రాయడం ఆ దారిని చెరిపివేయడమే.

3.4 భాషా నిర్దిష్టత

అకడమిక్ భాష కఠినంగా ఉండాలన్న అపోహ బలంగా ఉంది. సంస్కృత సమాసాలు పేర్చితే గాంభీర్యం వస్తుంది గాని నిర్దిష్టత రాదు. ‘కరువు’, ‘క్షామం’, ‘అనావృష్టి’ అన్న మూడు మాటలను విసుగు కలగకుండా ఉండేందుకు ఒకదాని బదులు మరొకటి వాడడం కథలో చెల్లుతుంది. పరిశోధనలో చెల్లదు. వాన లేకపోవడం ఒకటి, పంట పోవడం మరొకటి, తిండి దొరకక జనం చనిపోవడం ఇంకొకటి. 1876–78 నాటి మహాక్షామాన్ని, ఒక ఏడాది వేరుశనగ ఎండిపోవడాన్ని ఒకే మాటతో చెబితే వ్యాసకర్త తన వస్తువును తానే మసకబార్చుకుంటాడు. ఒక భావానికి ఒక మాట ఎంచుకోవడం, దాని అర్థాన్ని మొదట్లోనే నిర్వచించడం, చివరివరకు అదే అర్థంలో వాడడం అకడమిక్ భాషకు మొదటి నియమం.

4. అకడమిక్ రచన – రకాలు

అకడమిక్ రచనలను ప్రధానంగా నాలుగు రకాలుగా విభజించడం విద్యారంగంలో స్థిరపడింది. వాటిని మన అధ్యయనాల్లోని ఉదాహరణలతో చూద్దాం.

4.1 వర్ణనాత్మక రచన

ఉన్నదాన్ని ఉన్నట్టు నమోదు చేయడం దీని పని. ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అన్న ప్రశ్నలకు ఇది సమాధానం చెబుతుంది. పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో కల్నల్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయత్తుల్లో గ్రామాల పుట్టుక, గుడులు, చెరువులు, పాలెగాళ్లు, మాన్యాల వివరాలు ఉన్నాయి. కడప జిల్లా కైఫీయత్తులు కట్టా నరసింహులు సంపాదకత్వంలో సంపుటాలుగా అచ్చయ్యాయి. ఇటువంటి పని లేకపోతే తరువాతి మూడు రకాల రచనలకూ పునాది ఉండదు. కాబట్టి వర్ణన తక్కువ స్థాయి పని కాదు. శ్రద్ధగా చేస్తే అది తరతరాలు ఉపయోగపడుతుంది. కానీ అప్పటికే అచ్చయి, అందరికీ అందుబాటులో ఉన్న నవల కథను పదిహేను పుటల్లో తిరిగి చెప్పడం వర్ణనాత్మక పరిశోధన కాదు. అది ఎవరికీ కొత్త ఆధారాన్ని ఇవ్వదు.

4.2 విశ్లేషణాత్మక రచన

నమోదైన అంశాలను విడదీసి, వర్గీకరించి, వాటి మధ్య సంబంధాలను చూపేది విశ్లేషణ. కేతు విశ్వనాథరెడ్డిని మనం కథకుడిగానే ఎక్కువగా తలుచుకుంటాం. ఆయన పరిశోధన కడప జిల్లా ఊళ్ల పేర్లమీద జరిగింది. ఊళ్ల పేర్లను అకారాది క్రమంలో రాస్తే జాబితా అవుతుంది. పేరును పూర్వపదంగా, ఉత్తరపదంగా విడదీసినప్పుడే విశ్లేషణ మొదలవుతుంది.

ఒక చిన్న ప్రయోగం చేద్దాం. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, మైదుకూరు, కమలాపురం అన్న పేర్లను తీసుకుంటే గుంట, మడుగు ఒక వర్గం, ఊరు మరొక వర్గం, పురం ఇంకొక వర్గం అవుతాయి. మొదటిది నీటివనరును, రెండోది నివాసాన్ని సూచిస్తాయి. సంస్కృత పదమైన పురం తరచుగా ఒక దేవుడి పేరుతోనో, పాలకుడి పేరుతోనో కలిసి వస్తుంది. ఇంతవరకు వర్గీకరణ. నీటివనరు పేరున్న ఊళ్లు ఏ నేలల్లో ఎక్కువ? నదికి దగ్గరా, దూరమా? వాననీటిని నిలుపుకొనే గుంట చుట్టూ ఊరు ఏర్పడిందా, ఊరు ఏర్పడ్డాక గుంట తవ్వారా? ఈ ప్రశ్నలతో భాషాశాస్త్రం, భూగోళం, చరిత్ర ఒకచోట కలుస్తాయి. వర్గీకరణ దగ్గర ఆగిన వ్యాసం పట్టిక మాత్రమే ఇస్తుంది. సంబంధాన్ని వెతికిన వ్యాసం వివరణ ఇస్తుంది.

4.3 వాదనాత్మక రచన

విశ్లేషణ ద్వారా చేరిన అభిప్రాయాన్ని ప్రతిపాదించి, కారణాలతో నిలబెట్టి, ఎదుటి వాదనకు సమాధానం చెప్పేది ఈ రకం. రాచమల్లు రామచంద్రారెడ్డి వ్యాసాలను ఇక్కడ ప్రస్తావించాలి. కడప జిల్లా నుంచి ‘సంవేదన’ పత్రికను నడిపిన రారా, ‘సారస్వత వివేచన’లో తన కాలపు రచయితలను, ధోరణులను పరీక్షకు నిలబెట్టాడు. ‘అనువాద సమస్యలు’ గ్రంథానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆయన విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాదు. ఆయన వ్యాసాల్లో నేటి పరిశోధన వ్యాసాల బాహ్యరూపం కూడా ఉండదు. అయినా ఆయన ఏ విషయాన్ని ఒప్పుకుంటున్నాడో, దేన్ని కాదంటున్నాడో, ఎందుకు కాదంటున్నాడో పాఠకుడికి స్పష్టంగా తెలుస్తుంది. ఆయనతో విభేదించదలచినవారికి ఎక్కడ విభేదించాలో కూడా తెలుస్తుంది.

మన వ్యాసాల్లో చాలావాటికి ఈ గుణం లేదు. వాటితో విభేదించడం సాధ్యం కాదు, ఎందుకంటే అవి దేన్నీ ప్రతిపాదించవు. సమకాలీన రచయితపై పరిశోధన చేస్తున్నప్పుడు ఆయన నొచ్చుకుంటారేమోనన్న మొహమాటం, పర్యవేక్షకుల అభిమాన కవిని కాదనడం మర్యాద కాదన్న సంకోచం ఇందుకు కొంత కారణం. వ్యక్తిపట్ల గౌరవం, వాదంపట్ల నిర్మొహమాటం కలిసి ఉండగలవని విద్యార్థికి చెప్పవలసిన బాధ్యత అధ్యాపకులదే.

4.4 విమర్శనాత్మక రచన

వాదనలో రచయిత తన పక్షాన్ని మాత్రమే నిలబెడతాడు. విమర్శనాత్మక రచన ఒకే విషయంపై ఉన్న రెండు లేదా అంతకుమించిన అభిప్రాయాలను వాటి ఆధారాలతో సహా తూచి, వాటి బలాబలాలను నిర్ణయిస్తుంది. తన పక్షాన్ని కూడా అదే తక్కెడలో వేస్తుంది.

వేమన అధ్యయనాల చరిత్ర దీనికి తగిన రంగం. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయం కోసం చేసిన ఉపన్యాసాలు 1929లో ‘వేమన’ గ్రంథంగా వచ్చాయి. ఎన్.గోపి ఉస్మానియాలో చేసిన పరిశోధన ‘ప్రజాకవి వేమన’గా అచ్చయింది. బ్రౌన్‌కు ముందే, 18వ శతాబ్దంలోనే పారిస్ చేరిన రాతప్రతిని కూడా గోపి వెలువరించారు. వేమన కాలాన్ని పండితులు 15వ శతాబ్దం మొదలు 17, 18 శతాబ్దాల వరకు పలువిధాలుగా నిర్ణయించారు. కొండవీటి రెడ్డిరాజుల వంశీయుడన్న కథ ఒకటి, వేశ్యా వ్యామోహం నుంచి విరక్తికి మారాడన్న కథ మరొకటి ప్రచారంలో ఉన్నాయి.

ఈ అభిప్రాయాలన్నింటినీ వరుసగా పేర్కొని, “ఇలా పండితులలో భిన్నాభిప్రాయాలు కలవు” అని ముగించడం మన వ్యాసాల్లో తరచుగా చూస్తాం. అది విమర్శ కాదు, వర్ణనే. విమర్శ అడగవలసిన ప్రశ్నలు వేరు. ఈ కథ మొదట ఎప్పుడు అక్షరరూపం దాల్చింది? దీనికి ఆధారంగా చూపే పద్యం పాత ప్రతుల్లో ఉందా? పారిస్ ప్రతిలో లేని పద్యం తరువాతి ప్రతుల్లో కనిపిస్తే, దాన్ని చేర్పు అనాలా, లేక అది ఆ ప్రతి రాసినవారికి అందలేదనాలా? ఒకే మకుటం కింద ఎవరైనా పద్యం చెప్పగల సంప్రదాయంలో ‘కర్త’ అన్న భావాన్ని ఎంతవరకు వాడవచ్చు? చివరి ప్రశ్న వేమన సమస్యను తీర్చకపోయినా, సమస్యను సరైన చోట నిలబెడుతుంది. మంచి విమర్శనాత్మక వ్యాసం చేయవలసిన పని అదే.

5. నేటి సిద్ధాంత వ్యాసాలు – ఆగుతున్న చోటు

ఒక సాధారణ శీర్షికను తీసుకుందాం: ‘రాయలసీమ కథల్లో కరువు చిత్రణ’. దీనికి అలవాటైన అధ్యాయ విభజన ఇలా ఉంటుంది: రాయలసీమ భౌగోళిక, చారిత్రక నేపథ్యం, తెలుగు కథ ఆవిర్భావ వికాసాలు, రచయితల జీవిత విశేషాలు, కథల సారాంశాలు, ముగింపు. మొదటి మూడు అధ్యాయాలు అంతకుముందే ఎందరో రాసినవి. నాలుగోది కథలు చదివినవారికి తెలిసినది. ముగింపులో “రాయలసీమ కథకులు కరువును హృద్యంగా చిత్రించారు” అని ఉంటుంది. ఆ వాక్యం రాయడానికి పరిశోధన అవసరం లేదు.

ఇదే విషయంలో పరీక్షించదగిన ప్రతిపాదన చేయడం కష్టమేమీ కాదు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీటిని తీసుకుని కడప వరకు సాగే కర్నూలు–కడప కాలువ ఈ ప్రాంతాన్ని నీరు అందే ఊళ్లుగా, అందని ఊళ్లుగా విడదీసింది. కాలువ కింది ఊళ్ల నేపథ్యంలో వచ్చిన కథల్లో, వానమీద మాత్రమే ఆధారపడిన ఊళ్ల కథల్లో కరువుకు కారణంగా చూపినది ఒకటేనా? ఒకచోట ఆకాశం, మరొకచోట నీటి పంపిణీ, అప్పు, మార్కెట్ ధర కారణాలుగా కనిపిస్తున్నాయా? కథలను రెండు వర్గాలుగా ఎంపిక చేసి, ఎంపికకు ప్రమాణం చెప్పి, కారణాల చిత్రణను పోల్చితే సమాధానం వస్తుంది. సమాధానం మన ఊహకు విరుద్ధంగా వచ్చినా అది పరిశోధనే. ఇందులో వర్ణన ఉంది, విశ్లేషణ ఉంది, వాదన ఉంది, పూర్వ విమర్శకుల అభిప్రాయాలను పరీక్షించే అవకాశం ఉంది. నాలుగు రకాలు నాలుగు మెట్లు అని ముందు అన్నది ఈ అర్థంలోనే.

ఇటువంటి ప్రశ్నలు వేయకపోవడం వల్ల నష్టం విద్యార్థికి మాత్రమే కాదు. కరువు, ఫ్యాక్షన్ అన్న రెండు మాటలతో సీమ సాహిత్యాన్ని గుర్తించే అలవాటు బయట ఇప్పటికే ఉంది. మన సిద్ధాంత వ్యాసాలు ఆ రెండు మాటలను ప్రశ్నించకుండా శీర్షికల్లో నిలుపుకుంటే, బయటివారి సరళీకరణకు మనమే విద్యాపరమైన ముద్ర వేసినట్టవుతుంది.

గ్రంథచౌర్య నివారణ నియమాలు కూడా ఈ సమస్యను పూర్తిగా పరిష్కరించవు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నిబంధనల ప్రకారం పది శాతం వరకు సారూప్యానికి శిక్ష లేదు. అంతకు మించితే 40, 60 శాతాల హద్దులతో స్థాయిని బట్టి చర్యలు ఉంటాయి. ఈ నియమాలు అవసరమే. అయితే సాఫ్ట్‌వేర్ కొలిచేది పదాల సారూప్యాన్ని మాత్రమే. వాక్యాలను మార్చి రాసిన సంకలనం, ఇంగ్లీషు వ్యాసం నుంచి చెప్పకుండా తెలుగులోకి తెచ్చిన ఆలోచన ఆ కొలతకు చిక్కకపోవచ్చు. సున్నా శాతం సారూప్యం ఉన్న వ్యాసంలో సున్నా ప్రతిపాదనలు ఉండవచ్చు. 2016 నిబంధనల్లో సిద్ధాంత వ్యాస సమర్పణకు ముందు పరిశోధన పత్రం ప్రచురించడం తప్పనిసరిగా ఉండేది. 2022 నిబంధనలు దాన్ని తొలగించాయి. సంఖ్య కోసం రాయవలసిన ఒత్తిడి ఆ మేరకు తగ్గింది కాబట్టి, రాసే కొద్దిపాటి వ్యాసాలను నిదానంగా, నిలకడగా రాయడానికి ఇది అవకాశం.

6. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• అకడమిక్ రచనకు మూల లక్షణం సరిచూడడానికి, అవసరమైతే కాదనడానికి వీలైన ప్రతిపాదన. ఆధార సేకరణ, ఆధారానికి అనుమితికి మధ్య భేదం పాటించడం, మూలానికి వెళ్లడం, భాషా నిర్దిష్టత అన్నీ దాన్ని నిలబెట్టే సాధనాలు.

• వర్ణన, విశ్లేషణ, వాదన, విమర్శ ఒకదానిపై ఒకటి ఆధారపడతాయి. కొత్త ఆధారాన్ని అందించే వర్ణనకు స్వతంత్రమైన విలువ ఉంది. తెలిసిన కథను తిరిగి చెప్పే వర్ణనకు లేదు.

• భిన్నాభిప్రాయాలను పేర్కొనడం విమర్శ కాదు. వాటి ఆధారాలను తూచి ఒక నిర్ణయానికి రావడం, లేదా నిర్ణయం ఎందుకు సాధ్యం కాదో చూపడం విమర్శ.

• పరిశోధనలో చేరిన మొదటి ఆరు నెలల్లోనే విద్యార్థి తన విషయాన్ని ఒక శీర్షికగా కాక, ఒక ప్రశ్నగా, దానికి ఒక తాత్కాలిక సమాధానంగా రెండు వాక్యాల్లో రాయగలగాలి. కోర్సు వర్క్‌లో ఈ అభ్యాసాన్ని చేర్చడానికి కొత్త నిధులు గాని, కొత్త నియమాలు గాని అవసరం లేదు.

కడప, కర్నూలు ప్రాంతాల్లో శాసనాలు, కైఫీయత్తులు, రాతప్రతులు, ఊళ్ల పేర్లు, మౌఖిక కథలు పరిశోధకుల కోసం ఎదురుచూస్తున్నాయి. ఆధారాల విషయంలో ఈ నేల మెట్టనేల కాదు. ఆ ఆధారాలను ప్రశ్నించే వ్యాసాలు రావడమే ఇప్పటి అవసరం.